కొత్తింటికి కళ అరుగుతోనే
కాలనీలో కొత్తిళ్లన్నీ ఒకే అచ్చు. మీ ఇంటికి కళ రావాలంటే ఎరువులకు దాచిన డబ్బుతో రంగుల డబ్బాలు కొననక్కర్లేదు. పైగా గోడల్లో తడి ఆరకముందే ఆయిల్ పెయింట్ వేస్తే పొక్కులు లేచి ఊడిపోతుంది. ఈ ఏడాదికి సున్నం చాలు. రాళ్ల సున్నం రాత్రి నానేసి, పొద్దున గుడ్డలో వడకట్టి, కరిగించిన తుమ్మబంక కొంచెం కలపండి. ఆరాక చేతికి అంటదు. సున్నం ఉడికేటప్పుడు పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు, కంట్లో పడితే చూపే పోతుంది.

అరుగు మాత్రం మానొద్దు. ఇల్లు కట్టగా మిగిలిన ఇటుకలే సరిపోతాయి. పొలం నుంచి వచ్చి కూలబడాలన్నా, మిరపకాయ తొడిమలు తీయాలన్నా, పక్కింటాయనతో నాలుగు మాటలాడాలన్నా అదే చోటు. అరుగు లేని ఇంటి ముందు ఎవరాగుతారు చెప్పండి? వీధివైపు కొద్దిగా వాలు పెట్టించండి, వాననీరు గోడలోకి దిగదు.