టేక్ నడుస్తుండగా ఫ్యాన్లు ఆపాలంటే

ఇంట్లో పాట రికార్డు చేసుకునేవారికి గదిలో పెద్ద ఇబ్బంది చాలాసార్లు ఆ పాటను రికార్డు చేసే కంప్యూటరే. ప్రాసెసర్ వేడెక్కుతుంది, ఆ వేడిని బయటికి తోయడానికి ఫ్యాన్లు తిరుగుతాయి, వాటి హోరు మైకులో పడుతుంది. పెద్ద స్టూడియోల్లో కంప్యూటర్లను వేరే గదిలో పెట్టి తీగలు మాత్రమే లోపలికి తెస్తారు. సూర్యాపేట జిల్లా ఆత్మకూర్ (ఎస్) లాంటి మండల కేంద్రంలో, పాడేవారూ మైకూ కంప్యూటరూ ఒకే గదిలో సర్దుకోవలసినచోట ఆ వీలుండదు. అలాంటి గదికి నీళ్లతో చల్లబరిచే కంప్యూటర్ పనికొస్తుంది. పాట నడుస్తున్నంతసేపూ ఫ్యాన్లను పూర్తిగా ఆపేయనివ్వడమే దాని అసలు ప్రయోజనం.

అన్ని పాటలకూ ఇంత నిశ్శబ్దం అక్కర్లేదు. డప్పు మీద దరువు పడుతున్నప్పుడు, ఒగ్గు డోలు మోగుతున్నప్పుడు ఫ్యాను చప్పుడు ఎవరికీ వినబడదు. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లిలో జరిగే పెద్దగట్టు జాతర మీద కట్టే హుషారు పాటల్లోనూ అంతే. ఇబ్బంది వచ్చేది ఒంటి గొంతు దగ్గర. లాలిపాటో, వాద్యాలు అందుకోకముందు మెల్లగా మొదలయ్యే బతుకమ్మ పాటో రికార్డు చేసేటప్పుడు మైకు గెయిన్ పెంచక తప్పదు. మంచి కండెన్సర్ మైకుల సొంత రొద 5 నుంచి 10 డెసిబెల్స్ మధ్య ఉంటుంది. కాబట్టి మీటరు దూరంలోని ఫ్యాను చేసే 30, 35 డెసిబెల్స్ హోరును అవి తేలిగ్గా పట్టేస్తాయి. ఆ తర్వాత గొంతు నిలకడ కోసం కంప్రెసర్ వేస్తే మాటకూ మాటకూ మధ్య ఖాళీలో ఆ హోరు పైకి లేస్తుంది. కోరస్ కోసం ఒక్కరే పలుమార్లు పాడి పేరిస్తే ట్రాకుల సంఖ్య రెట్టింపైనప్పుడల్లా హోరు మరో 3 డెసిబెల్స్ పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్‌తో దాన్ని తుడిచేయవచ్చు గానీ, గొంతులోని ఊపిరీ, 'స', 'శ'ల పదునూ కొంత దానితోపాటే పోతాయి. పాత పాటలు తెలిసిన ముసలివాళ్ల బలహీనమైన గొంతులకు అది పెద్ద నష్టం. వాళ్లచేత మళ్లీ పాడించుకునే అవకాశం ఎప్పుడూ ఉంటుందన్న భరోసా లేదు.

ఫ్యాను వేగం కొద్దిగా మారినా శబ్దం చాలా మారుతుంది. వేగం సగమైతే గాలి సగమే తగ్గుతుంది, చప్పుడు మాత్రం దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది. 10 డెసిబెల్స్ తగ్గితేనే చెవికి చప్పుడు సగమైనట్టు అనిపిస్తుంది. అందుకే ఒక చిన్న ఫ్యాను గిర్రున తిరగడం కంటే మూడు పెద్ద ఫ్యాన్లు మెల్లగా తిరగడం నయం. వేడిని ఎక్కువ వైశాల్యానికి పంచగలిగితే గాలిని తొందరపెట్టే పని ఉండదు. ఆ పంచే పని నీళ్లు చేస్తాయి. ఘనపరిమాణం సమానమైతే నీళ్లు గాలికన్నా సుమారు 3,500 రెట్లు వేడిని మోస్తాయి. నిమిషానికి ఒక లీటరు చొప్పున నీళ్లు పారితే, ఒక్క డిగ్రీ పెరుగుదలతోనే దాదాపు 70 వాట్ల వేడి ప్రాసెసర్ మీదినుంచి వెళ్లిపోతుంది.

దీనికన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4,190 జౌళ్లు కావాలి. కంప్యూటర్‌లో తిరిగే నీళ్లు లీటరున్నర అనుకుంటే 6,280 జౌళ్లు. ప్రాసెసర్ 80 వాట్లు వెలువరిస్తుంటే నీటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరగడానికి 78 సెకన్లు పడుతుంది. అంటే ఫ్యాన్లన్నీ ఆపేసి అయిదు నిమిషాల పాట రికార్డు చేసినా నీళ్లు నాలుగు డిగ్రీలకు మించి వేడెక్కవు. పది నిమిషాల కథాగానమైతే ఎనిమిది డిగ్రీల లోపే. నీళ్లను చల్లార్చే రేడియేటర్ నుంచి గాలిలోకి దానంతటదే పోయే వేడిని ఈ లెక్కలో కలపలేదు, కాబట్టి నిజానికి ఇంకా తక్కువే. నీళ్లు లేకుండా కిలో బరువున్న లోహపు కూలర్‌తో ఇదే పని చేయబోతే, అదే 80 వాట్లకు డిగ్రీ పెరగడానికి పదీ పన్నెండు సెకన్లే చాలు. టేక్ పూర్తికాకముందే ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. కంప్యూటర్ శబ్దాన్ని బఫర్ అనే చిన్న ముక్కలుగా అందుకుంటుంది; 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ల బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్లే. ఆలోపు లెక్క పూర్తికాకపోతే రికార్డింగులో టక్‌మనే చప్పుళ్లు వచ్చిపడతాయి.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. కొరియాకు చెందిన జాల్మాన్ సంస్థ 2000ల తొలి ఏళ్లలోనే రిజరేటర్ పేరుతో, ఫ్యానే లేని అల్యూమినియం స్తంభంలో నీళ్లు నింపే పరికరం అమ్మింది. ఆపిల్ 2004 జూన్‌లో ప్రకటించిన 2.5 గిగాహెర్ట్జ్ పవర్ మ్యాక్ జీ5లో ప్రాసెసర్లను ద్రవంతోనే చల్లబరిచింది. దాన్ని సంగీతపు పనికి కొన్నవారు చాలామంది. వాటిలో కొన్నింటికి ఏళ్లు గడిచాక ద్రవం కారి బోర్డులు పాడయ్యాయి. ఈ పద్ధతి మీద ఉండే భయానికి ఆ అనుభవం కూడా ఒక కారణం.

కట్టడంలో మొదటి మెట్టు వేడిని తగ్గించడమే. ఆడియోకు ప్రత్యేక గ్రాఫిక్ కార్డు అవసరం లేదు, ప్రాసెసర్‌లో ఉన్నదే చాలు. ప్రాసెసర్ వాడే కరెంటుకు బయోస్‌లో 65 నుంచి 80 వాట్ల దగ్గర హద్దు పెట్టవచ్చు. తిరిగే హార్డ్ డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ, తక్కువ లోడులో ఫ్యాను తిరగని ఎస్‌ఎంపీఎస్ తీసుకోవాలి. ఆ తర్వాత ప్రాసెసర్ మీద రాగి వాటర్ బ్లాక్, రిజర్వాయర్, పంపు, మూడు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు పట్టే రేడియేటర్ ఒకటి, వీలైతే రెండు. రేడియేటర్ రెక్కలు మరీ దగ్గరగా ఉండకూడదు. ఇరుకు సందుల్లోంచి గాలిని నెట్టాలంటే ఫ్యాను వేగంగా తిరగాల్సిందే, అప్పుడు ఇంత శ్రమ పడిన ఫలితం పోతుంది.

ఫ్యాన్లు ఆగాక గదిలో వినబడేది పంపు ఒక్కటే. దాన్ని క్యాబినెట్‌కు నేరుగా బోల్టులతో బిగిస్తే ఇనుపరేకు మొత్తం దాని కంపనానికి తంబుర బుర్రలా పలుకుతుంది. మెత్తని స్పాంజి దిమ్మ మీదో, సిలికాన్ దిండ్ల మీదో కూర్చోబెట్టాలి. పంపుకు వచ్చే, పోయే ట్యూబులు మెత్తగా, కాస్త వంపు తిరిగి ఉండాలి. బిర్రుగా లాగిన ట్యూబు కంపనాన్ని రేడియేటర్ దాకా మోసుకెళుతుంది. పంపు వేగం కూడా తగ్గించాలి, ఎందుకంటే నిమిషానికి లీటరుకు మించి ప్రవాహం పెరిగినా చల్లదనంలో తేడా స్వల్పమే. ఫ్యాన్లను ప్రాసెసర్ ఉష్ణోగ్రతను బట్టి కాక నీటి ఉష్ణోగ్రతను బట్టి తిప్పాలి. ప్రాసెసర్ వేడి క్షణానికోలా మారుతుంది, నీటి వేడి నిలకడగా కదులుతుంది. ఫ్యాన్ల 12 వోల్టుల తీగలో ఒక చిన్న స్విచ్ పెట్టి బల్ల అంచుకు తెచ్చుకుంటే, టేక్ ముందు ఆపి, అయ్యాక వేసుకోవచ్చు. పంపు తీగను మాత్రం ఆ స్విచ్‌కు ఎప్పుడూ కలపకూడదు.

నీళ్ల విషయంలో ఈ ప్రాంతంవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఉమ్మడి నల్గొండ భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ సంగతి దేశమంతటికీ తెలుసు. ఇక్కడి బోరు నీళ్లలో కరిగిన లవణాలు కూడా ఎక్కువ. గిన్నె అడుగున తెల్లగా పేరుకునే ఆ ఉప్పే వాటర్ బ్లాక్‌లోని వెంట్రుకవాసి సందులను మూసేస్తుంది. ఇంటి ఆర్వో నీళ్లలోనూ లవణాలు పూర్తిగా పోవు. డిస్టిల్డ్ వాటరే వాడాలి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఇన్వర్టర్ బ్యాటరీలు అమ్మే ఏ దుకాణంలోనైనా బ్యాటరీ వాటర్ దొరుకుతుంది. లవణాలు తీసేసిన నీళ్లని సీసా మీద ఉందో లేదో చూసుకోవాలి, పొరపాటున బ్యాటరీ యాసిడ్ తెచ్చుకోకూడదు. తుప్పునూ పాచినీ ఆపే మందు కలపకుండా ఉత్త నీళ్లు పోయడం మంచిది కాదు. బ్లాక్ రాగిదైతే రేడియేటర్ కూడా రాగి, ఇత్తడిదే కావాలి. రాగీ అల్యూమినియమూ ఒకే నీటిలో ఉంటే అల్యూమినియం కరిగిపోతూ ఉంటుంది.

నింపే రోజు తొందర పనికిరాదు. మదర్‌బోర్డుకు కరెంటు ఇవ్వకుండా పంపును మాత్రమే నడపాలి. దానికి ఎస్‌ఎంపీఎస్ 24 పిన్నుల కనెక్టరును బోర్డు నుంచి తీసి, పదహారో పిన్నును పక్కనున్న ఎర్త్ పిన్నుతో చిన్న తీగముక్కతో కలుపుతారు. ప్రతి జాయింటు కిందా తెల్ల టిష్యూ కాగితం పరిచి ఒక రోజంతా వదిలేస్తే, సన్నని చెమ్మ కూడా కాగితం మీద బయటపడుతుంది. గాలి బుడగలు పోవడానికి క్యాబినెట్‌ను మెల్లగా అటూఇటూ వంచాలి. బుడగ మిగిలితే పంపు గరగరలాడుతుంది.

ఎండాకాలం అసలు పరీక్ష. ఇక్కడ మే నెలలో బయట 45 డిగ్రీలకు చేరడం మామూలే. రేడియేటర్ గది కన్నా చల్లగా ఎప్పటికీ ఉండలేదు, కాబట్టి గది 40 డిగ్రీలుంటే నీళ్లు 47, 48 దగ్గర ఉంటాయి. చాలా పంపులకు తయారీదారులు చెప్పే హద్దు 60 డిగ్రీలు. ఫ్యాన్లు ఆపి పది నిమిషాలు రికార్డు చేసినా 56 దగ్గర ఆగుతుంది. అయితే అదే గదిలో సీలింగ్ ఫ్యాను తిరుగుతుంటే, ఏసీ నడుస్తుంటే కంప్యూటర్‌ను నిశ్శబ్దం చేయడం దండగ. ముందుగా గదిని చల్లబరచుకుని టేక్‌కు వాటిని కూడా ఆపాలి. పాడేవారికి మధ్యమధ్య విరామం ఇస్తే ఆ వ్యవధిలో నీళ్లూ చల్లబడతాయి. కోతల రోజుల్లో హార్వెస్టర్లు లేపే దుమ్ము రేడియేటర్ రెక్కల్లో పేరుకుంటుంది, ముందు జాలీని వారానికోసారి దులపాలి.

నీళ్లతో పోని రొద ఒకటుంది: 50 హెర్ట్జ్ హమ్. అది ఫ్యానుది కాదు, కరెంటుది. ఎర్తింగ్ గోతిలో బొగ్గూ ఉప్పూ ఎండిపోతే వేసవిలో అది ఎక్కువవుతుంది, గోతిలో నీళ్లు పోస్తూ ఉండాలి. కంప్యూటర్‌నూ ఆడియో ఇంటర్‌ఫేస్‌నూ ఒకే స్విచ్ బోర్డు నుంచి కలపాలి. గుయ్‌మనే చౌక ఇన్వర్టర్‌ను గదిలో ఉంచకూడదు.

పక్కగది ఉన్న ఇంట్లో ఇంత ఖర్చు అవసరం లేదు. గోడకు రంధ్రం చేసి అయిదు మీటర్ల యూఎస్‌బీ తీగ లాగితే మామూలు కంప్యూటర్‌తోనే పని జరుగుతుంది. ఒకే గది ఉన్నవాళ్లు మాత్రం ఏడాదికోసారి, వర్షాలు పడి గది చల్లబడ్డాక, పాత నీళ్లు తీసి రంగు చూడాలి. నీళ్లు మసకగా ఉంటే బ్లాక్ విప్పి పాత టూత్‌బ్రష్‌తో సందులు కడిగి, కొత్త డిస్టిల్డ్ వాటర్, మందు పోసి, మళ్లీ ఒక రోజు టిష్యూ కాగితాల మీద నడిపి చూసుకోవాలి.