కంటైనర్లకు కావలి

పరీక్షా ఫలితములను చూపు సర్వరు ఒకటి కలదనుకొందము. అర్ధరాత్రి విద్యుత్తు పోయి తిరిగి వచ్చినది. యంత్రము తనంతట తాను లేచినది. ఫలితములను చూపు ప్రోగ్రాము మాత్రము లేవలేదు. తెల్లవారిన పిదప విద్యార్థులకు ఖాళీ తెరయే మిగిలినది. యంత్రము చెడలేదు, ప్రోగ్రామును చెడలేదు. మరి లోపమెక్కడ? ప్రోగ్రామును ఒకరు చేతితో ప్రారంభించి వెళ్లిరి. దానిని కనిపెట్టి ఉండు పని ఎవరికిని అప్పగింపలేదు.

నేడు సర్వర్లపై ప్రోగ్రాములను తరచుగా కంటైనర్లలో నడుపుదురు. ప్రోగ్రామును, దానికి కావలసిన ఫైళ్లను ఒకే మూటగా కట్టిన దానిని ఇమేజి అందురు. నడచుచున్న ఇమేజియే కంటైనరు. ఇది వేరొక యంత్రము కాదు, లినక్సు కెర్నల్ క్రింద నడచు మామూలు ప్రక్రియయే. నేమ్‌స్పేసులు అను ఏర్పాటు దాని చూపునకు హద్దు గీయును. 2008లో కెర్నల్‌లో చేరిన సీగ్రూపులు అది వాడుకొను మెమరీకి హద్దు పెట్టగలవు.

మామూలు ప్రక్రియయే కనుక దానికి మామూలు కావలివాడే చాలును. లినక్సులో మొదట మొదలగు ప్రక్రియ సంఖ్య 1. నేడు పెక్కు లినక్సులలో ఆ స్థానము 2010లో వెలువడిన సిస్టమ్‌డిది. ఏ సేవను ఎప్పుడు ప్రారంభింపవలెనో, అది కూలినచో ఏమి చేయవలెనో యూనిట్ ఫైళ్లను చదివి అది తెలిసికొనును. పాడ్‌మన్ అను సాధనములో 2023 నాటి 4.4వ కూర్పు నుండి క్వాడ్‌లెట్ అను భాగము కలదు. ఇమేజి పేరు, పోర్టు సంఖ్య మున్నగునవి కొద్ది పంక్తులలో వ్రాసినచో క్వాడ్‌లెట్ వానిని యూనిట్‌గా మార్చును. యంత్రము లేవగానే ప్రారంభింపవలెనను పంక్తి అందులో తప్పక ఉండవలెను. పై ఉదాహరణలో లోపించినది అదియే.

అయితే తిరిగి లేపుట వైద్యము కాదు. లోపము ప్రోగ్రాములోనే ఉన్నచో అది లేచిన వెంటనే మరల కూలును. అందుచే సిస్టమ్‌డి, వేరుగా చెప్పనంతవరకు, ఒక సేవను 10 సెకనులలో 5 సార్లకు మించి ప్రారంభింపనీయదు. ప్రక్రియ బ్రతికియుండియు జవాబీయకపోవచ్చును. దానిని పట్టుటకు ఆరోగ్య పరీక్షను వేరుగా ఏర్పరుపవలెను. క్వాడ్‌లెట్ ద్వారా నడచు కంటైనరు ఆగగానే తొలగింపబడును. కనుక మార్కుల వంటి సమాచారమును దానిలో గాక, వెలుపలి వాల్యూములో భద్రపరుపవలెను.

ఇవన్నియు సరిగా కుదిరినవో లేదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష ఒకటి కలదు. ఫలితములు వెలువడు దినమునకు ముందే సర్వరును ఒకసారి ఆపి, తిరిగి ప్రారంభించి, ఎవరును చేయి పెట్టకుండ చూడవలెను.