ఊరూ పేరూ చెప్పనివ్వని తొలి తార

సినిమాకి బయల్దేరేటప్పుడు మన ఇళ్ళల్లో తప్పకుండా వినపడే మాట ఒకటుంది: "పేర్లు పడిపోతాయి, త్వరగా రండి!" ఆ పేర్లన్నీ ఎవరు చదువుతారు గనక! అయినా మొదట్నుంచీ చూస్తే తప్ప సినిమా చూసినట్టుండదు. అలాంటిది, తెరమీద నటీనటుల పేర్లే పడని కాలం ఒకటుండేదనీ, ఆ పేర్లు బయటికి పొక్కకుండా కంపెనీలే దాచిపెట్టేవనీ తెలిసినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఎందుకు దాచేవారో తెలిశాక మాత్రం నవ్వు రాలేదు.

ఫ్లోరెన్స్ లారెన్స్ గురించి చెబుతున్నాను. తొలి సినిమా తార అని సినిమా చరిత్ర రాసినవాళ్ళలో చాలామంది చెప్పేది ఈమెనే. మేరీ పిక్‌ఫర్డ్ పేరు విన్నవాళ్ళుంటారు, ఈమె పేరు విన్నవాళ్ళు తక్కువ.

1886లో కెనడాలోని హామిల్టన్‌లో పుట్టింది. ఇంటిపేరు బ్రిడ్జ్‌వుడ్. తల్లి షార్లెట్ సామాన్యురాలు కాదు. లోటా లారెన్స్ అన్న పేరుతో వేషాలు కడుతూ సొంతంగా నాటక సమాజం నడిపింది. ఆ 'లారెన్స్' కూతురికీ వచ్చింది. ఊహ తెలియని వయసులోనే పిల్ల స్టేజీ ఎక్కింది. తండ్రి బళ్ళు తయారుచేసేవాడు, 1898లో పోయాడు. కొన్నాళ్ళకి నాటకాలూ సాగక తల్లీకూతుళ్ళు న్యూయార్క్ చేరారు. అప్పటికి హాలీవుడ్‌లో సినిమాల్లేవు. అమెరికా సినిమా చాలావరకు న్యూయార్క్, ఆ చుట్టుపక్కల ఊళ్ళలోనే తయారయ్యేది.

ఎడిసన్ కంపెనీ 1907లో విడుదల చేసిన 'డేనియల్ బూన్' చిత్రంలో ఆమెకి వేషం దొరికింది. గుర్రపు స్వారీ రావడమే అర్హత. రోజుకి 5 డాలర్లు. తల్లికీ ఓ చిన్న వేషం. తర్వాత వైటాగ్రాఫ్ కంపెనీలో నటిస్తూనే తీరిక వేళల్లో వేషాలకి బట్టలు కూడా కుట్టింది! 1908లో బయోగ్రాఫ్ కంపెనీ దర్శకుడు డి.డబ్ల్యూ. గ్రిఫిత్ కంట్లో పడింది. తెరమీద పేరుండదు కాబట్టి ఆ అమ్మాయెవరో ఆయన కూడా చాటుగా వాకబు చేయించుకోవాల్సి వచ్చిందిట. వారానికి 25 డాలర్లిచ్చి తీసుకున్నాడు. ఆ ఏడే నటుడు హ్యారీ సోల్టర్‌ని పెళ్ళాడింది.

అక్కడ ఆమె దశ తిరిగింది. జోన్స్ దంపతుల కథలని హాస్యచిత్రాల వరసొకటి వచ్చింది. అందులో శ్రీమతి జోన్స్ ఈమే. జనం కట్టలకొద్దీ ఉత్తరాలు రాశారు, "ఆ అమ్మాయి పేరేమిటి?" అని. కంపెనీ చెప్పలేదు. పేరు తెలిస్తే మోజు పెరుగుతుంది, మోజు పెరిగితే జీతం పెంచమంటుంది, అదీ భయం! జనం ఊరుకుంటారా, 'బయోగ్రాఫ్ గర్ల్' అని వాళ్ళే పిలుచుకున్నారు. అంటే మనవైపు 'ఫలానావారి కోడలు' అన్నట్టన్నమాట. నాటకాలవాళ్ళు కొందరు, సినిమాలో వేశామంటే పరువు పోతుందని తమ పేర్లు తామే దాచుకున్న మాట కూడా నిజమే. ఈమె సంగతి అది కాదు. ఇంతకంటే మంచి అవకాశం ఉందేమోనని భార్యాభర్తలు మరో కంపెనీకి రాస్తే, ఆ కంపెనీ కాస్తా బయోగ్రాఫ్‌కి చేరవేసింది. ఇద్దర్నీ తీసేశారు. 'బయోగ్రాఫ్ గర్ల్' అన్న పిలుపు ఆ తర్వాత మేరీ పిక్‌ఫర్డ్‌కి దక్కింది. కుర్చీ ఖాళీ అయితే ఇంకొకరు కూర్చున్నట్టు!

అప్పుడు ఆదుకున్నవాడు కార్ల్ లెమ్లే. తర్వాత యూనివర్సల్ సంస్థ పెట్టింది ఈయనే. ఈయన ఎత్తు వినండి. 1910 మొదట్లో, బయోగ్రాఫ్ గర్ల్ ట్రామ్ ప్రమాదంలో పోయిందని వార్త పుట్టింది. ఆ వెంటనే మార్చిలో ఈయన పెద్ద ప్రకటన వేయించాడు: అదంతా అబద్ధం, ఆమె నిక్షేపంగా ఉంది, పేరు ఫ్లోరెన్స్ లారెన్స్, ఇకమీదట మా ఐ.ఎం.పి. కంపెనీలోనే నటిస్తుంది అని. ఆ పుకారు పుట్టించింది కూడా లెమ్లే మనుషులేనన్నది అందరి నమ్మకం. ఆ నెలలోనే ఆమెని సెయింట్ లూయీ నగరానికి తీసుకెళితే రైల్వే స్టేషన్ కిక్కిరిసిపోయింది. జనం కోటు గుండీలు కూడా తెంపుకున్నారట. నాకు చివుక్కుమనిపించేదొకటే. ఓ ఆడమనిషి పేరు లోకానికి చెప్పడానికి ముందామెను చంపాల్సి వచ్చిందన్నమాట!

పేరొచ్చాక డబ్బూ వచ్చింది. 1912లో భర్తతో కలిసి విక్టర్ అని సొంత కంపెనీయే పెట్టుకుంది. కారు కొనుక్కుంది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు కారు నడపడమే విడ్డూరమైతే, ఈవిడ కారుకి కొత్త ఏర్పాట్లు కూడా కనిపెట్టింది. మీట నొక్కితే వెనకాల ఓ చెయ్యి లేచి, బండి ఎటు తిరుగుతోందో చెబుతుంది. బ్రేకు తొక్కితే 'ఆగు' అన్న పలక పైకి లేస్తుంది. ఇప్పుడు మన స్కూటరుకీ, కారుకీ ఉండే సిగ్నల్ దీపాలూ బ్రేకు దీపాలూ చేసే పని సరిగ్గా ఇదే. పేటెంట్ మాత్రం తీసుకోలేదు, లాభమూ కీర్తీ రెండూ దక్కలేదు. తల్లి నయం! కారు అద్దం మీది వాన నీళ్ళు తుడిచే కరెంటు పరికరానికి 1917లో పేటెంట్ తన పేరనే తీసుకుంది. దాంతోనూ డబ్బు రాలేదు, అది వేరే విషయం.

ఆ తర్వాతిదంతా దిగుడే. ఓ సినిమాలో మంటల సన్నివేశం అదుపు తప్పి ఒళ్ళు కాలింది, పడిపోయి దెబ్బలు తగిలాయి. కోలుకునేసరికి పరిశ్రమ హాలీవుడ్‌కి తరలిపోయింది, కొత్త ముఖాలొచ్చాయి. సోల్టర్‌తో తెగిపోయింది. రెండో భర్తతో కలిసి లాస్ ఏంజెలిస్‌లో సౌందర్య సాధనాల దుకాణం పెట్టింది. దుకాణమూ నిలవలేదు, కాపురమూ నిలవలేదు. 1929లో తల్లి పోయింది. మూడోవాడు చెయ్యిచేసుకునే రకం, ఆ పెళ్ళి నెలల్లోనే ముగిసింది. 1936 నుంచి ఎం.జి.ఎం. సంస్థ కొందరు పాత నటీనటులకి చిన్నా చితకా వేషాలిచ్చి వారానికి 75 డాలర్లిచ్చేది. వాళ్ళలో ఈమె ఒకతి. గుంపులో నిలబడే వేషాలు. తెరమీద పేరు వెయ్యరు... మళ్ళీ!

నయంకాని ఎముక మూలుగ జబ్బు పట్టుకుంది. 1938 డిసెంబర్ 28న తన ప్రాణం తనే తీసుకుంది. దాదాపు 300 సినిమాల్లో వేసిన మనిషి సమాధికి ఓ రాయి కూడా లేదు. 1991లో ఓ బ్రిటిష్ నటుడు తన పేరు బయటపెట్టకుండా డబ్బిచ్చి హాలీవుడ్ శ్మశానంలో ఫలకం వేయించాడు. రాడీ మెక్‌డవెల్ ఆయన. ఫ్లోరెన్స్ లారెన్స్, తొలి సినిమా తార అని దాని మీద చెక్కారు. ఆ రెంటి మధ్య 'బయోగ్రాఫ్ గర్ల్' అని కూడా ఉంది.