కెనైన్ డిస్టెంపర్

కుక్కలకు వచ్చే ఈ వైరస్ జబ్బు పులులకూ సింహాలకూ సోకుతుంది. మనుషుల్లో తట్టు తెచ్చే వైరస్‌కు ఇది దగ్గరి చుట్టం. మనకు మాత్రం దీంతో జబ్బు రాదు.

అడవి అంచు ఊళ్లలో టీకా పడని కుక్కలు దీన్ని మోస్తుంటాయి. ఒకే కళేబరాన్ని కుక్కా సింహమూ పంచుకున్నా, పులి కుక్కను వేటాడి తిన్నా వైరస్ అంటుకోవచ్చు. జ్వరం, కళ్లూ ముక్కూ కారడం, ఆయాసం దీని లక్షణాలు. మెదడుకు పాకితే మూర్ఛలు వస్తాయి. మనుషులంటే బెదురు పోయి పులి రోడ్డు మీదే తచ్చాడుతుంది.

1994లో టాంజానియాలోని సెరెంగెటిలో దాదాపు 1,000 సింహాలు, అంటే మూడో వంతు, చనిపోయాయి. అంతకుముందు కరవుకు చిక్కిన అడవిదున్నల ఒంటినిండా పిడుదులు పట్టాయి. వాటిని తిన్న సింహాలకు ఆ పిడుదుల వల్ల బబేసియా అనే రక్త పరాన్నజీవి కూడా సోకి, వైరస్ ప్రాణాంతకమైంది.

2018లో గుజరాత్‌లోని గిర్‌లో 20కి పైగా సింహాలు చనిపోగా, కొన్నింటిలో ఈ వైరస్ బయటపడింది. అమెరికా నుంచి టీకాలు తెప్పించారు.

ఊరకుక్కలకు టీకా ఒక రక్షణ. అయితే రష్యాలో అముర్ పులులకు అడవి జంతువుల నుంచే ఎక్కువగా సోకుతోందని పరిశోధకులు తేల్చారు. అలాంటిచోట పులులకే టీకా వేయాల్సి రావచ్చు.