సీసం లేని మాటు

సీసం అనగానే మా కాలేజీ పిల్లలకు గుర్తుకు వచ్చేది పద్యం. నాలుగు పొడుగు పాదాలు, వాటి కింద ఒక ఎత్తుగీతి. గీతి లేనిదే సీసం పూర్తి కాదని పద్దెనిమిదేళ్లుగా పాఠం చెబుతున్నాను. కాని సీసమనే లోహానికి కూడా ఒక గీతి వున్నదనీ, అది పద్యం కంటె పొడుగనీ, దాన్ని పూర్తి చేయలేక చిన్న చిన్న కార్ఖానాదారులు నిద్ర మానుకుంటున్నారనీ నాకు మా బావమరిది వల్లనే తెలిసింది.

అతని కార్ఖానా హైదరాబాదు శివారున చర్లపల్లిలో వున్నది. 1967లో ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడిన తరువాత కుషాయిగూడ, చర్లపల్లి ప్రాంతాల్లో ఎలక్ట్రానిక్సు చిన్న పరిశ్రమలు అనేకం వెలిశాయి. మావాడిది రేకుల కప్పు కింద పధ్నాలుగుమంది పనిచేసే చోటు. యంత్రాలకు కావలసిన తీరున కరెంటును అందించే పవర్ సప్లయి బోర్డులు అక్కడ తయారవుతాయి.

మా చిన్నతనంలో చిల్లుపడిన బిందెకు మాటు వేసేవాడు వీధిలోకి వచ్చేవాడు. ఈనాటి సోల్డరింగు ఆ మాటుకు మనుమడే. తగరమూ సీసమూ కలిసిన తీగను వేడి ఐరన్ మొనతో కరిగించి, భాగాల కాళ్లను బోర్డుకు అతుకుతారు. ఒంటరిగా తగరం 232 డిగ్రీలకు, సీసం 327 డిగ్రీలకు కరుగుతాయి. 63 వంతుల తగరంలో 37 వంతుల సీసం కలిపితే మాత్రం 183 డిగ్రీలకే కరిగి నీళ్లలా పారుతుంది. ధర తక్కువ, పని సులువు, అతుకు అద్దంలా మెరుస్తుంది. ఇన్ని సుగుణాలున్న దాన్ని ఎవరు మాత్రం వదులుకుంటారు?

అయితే సీసం విషమన్న సంగతి మన ఇళ్లల్లో తెలియనిది కాదు. కళాయివాడు తగరంలో సీసం కలుపుతాడేమోనని పెద్దవాళ్లు దగ్గర నిలబడి చూసేవారు. పసిపిల్లల మెదడుకు సీసం చేసే చెరుపు తిరిగి బాగయ్యేది కాదు. సోల్డరు చేసేటప్పుడు ముక్కుకు తగిలే పొగ ముఖ్యంగా ఫ్లక్సుది. అది ఉబ్బసం తెప్పించగలదు. సీసం మాత్రం చేతులకు అంటుకొని, ఆ చేతులతో అన్నం తింటే కడుపులోకి పోతుంది. అంతకంటె పెద్ద ముప్పు సరుకు పాతబడి పారవేసిన తరువాత వస్తుంది. పాత బోర్డులను వేడిచేసి భాగాలు ఊడదీసే పనికి పేరుపడిన చైనా పట్టణం గ్వీయూలో పిల్లల రక్తంలో సీసం హెచ్చుగా వున్నదని 2007లో వెలువడిన పరిశోధన తేల్చింది. మన ఢిల్లీలోని సీలంపూరులోనూ ఇలాంటి పనే పేదల చేతుల మీదుగా సాగుతూ వచ్చింది.

అంచేత ఐరోపా దేశాల కూటమి 2003లో ఒక శాసనం చేసి, 2006 జులై 1 నుంచి అమలులో పెట్టింది. ఆర్.ఓ.హెచ్.ఎస్. అనే పొడి అక్షరాలతో దాన్ని పిలుస్తారు. సీసం, పాదరసం, కాడ్మియం, హెక్సావలెంట్ క్రోమియం, నిప్పంటకుండా ప్లాస్టిక్కులో కలిపే రెండు జాతుల బ్రోమిన్ పదార్థాలు - ఈ ఆరింటికీ హద్దులు గీసింది. కాడ్మియం నూటికి 0.01 వంతు, మిగిలినవి 0.1 వంతు మించరాదు. ప్లాస్టిక్కును మెత్తబరిచే నాలుగు థాలేట్లను 2019 జులై 22 నుంచి చాలా సరుకులకు ఈ జాబితాలో చేర్చారు. మన దేశంలోనూ మొదటి ఆరింటికి ఇవే హద్దులు 2014 మే 1 నుంచి అమలులోకి వచ్చాయి.

"మంచిదే కదా! సీసం లేని సోల్డరు కొనుక్కుంటే సరిపోదా?" అన్నాను మా బావమరిదితో.

"పద్యంలో ఒక మాట తీసి ఇంకోమాట పెడితే గణాలు సరిపోతాయా బావగారూ?" అన్నాడతను.

నిజమే. కొత్త సోల్డరులో ఎక్కువగా వాడేది 96.5 వంతుల తగరం, 3 వంతుల వెండి, అర వంతు రాగి కలిసినది. వెండి వున్నది గనుక ధర హెచ్చు. కరిగేది 217 డిగ్రీల పైన. ఐరన్ వేడి పెంచాలి. బిట్లు త్వరగా అరిగిపోతాయి. వేడికి తాళలేని భాగాలు మార్చుకోవాలి. ఇక బోర్డులను ముంచే కరిగిన సోల్డరు తొట్టి సంగతి వినండి. తొట్టిలో 10 కిలోలున్నదనుకుందాం. నూటికి 0.1 వంతు అంటే 10 గ్రాములు. పాత సోల్డరు కడ్డీ ముక్క 30 గ్రాములది పొరపాటున అందులో పడితే చాలు, 11 గ్రాముల సీసం చేరినట్లే. తొట్టి అంతా మైలపడ్డది.

పైగా ఈ కొలత మొత్తం బోర్డు బరువు మీద కాదు. తీగ పైతొడుగు వేరు, మర మీది పూత వేరు, ఒక్కొక్క అతుకు వేరు. ఒకే తీరుగా వున్న ప్రతి పదార్థమూ విడిగా హద్దులో వుండాలి. ఒక్క బోర్డుకు వాడే భాగాలు డజన్ల కొద్దీ. ప్రతిదానికీ అమ్మినవాడి నుంచి పత్రం తెచ్చుకోవాలి. సరుకు చేసినవాడు ఆ దస్త్రాన్ని పదేళ్లు పదిలపరచాలి. ఎక్స్-రే పరికరంతో సీసం చప్పున తెలుస్తుంది గాని, క్రోమియం ఏ రూపంలో వున్నదీ, బ్రోమిన్ ఏ జాతిదీ తేలాలంటే రసాయనశాలకు పంపవలసిందే. ఇదే నేను చెప్పిన ఎత్తుగీతి. విషం మానడం ఒక ఎత్తు, మానినట్లు రుజువు చూపడం ఇంకొక ఎత్తు. ఆ రుజువు ఖర్చు లక్ష బోర్డులవాడికీ, ఆరువందల బోర్డులవాడికీ ఇంచుమించు ఒక్కటే.

పెద్దవారికీ దెబ్బలు తగిలాయి. 2001 చివర, ఈ శాసనం రాకముందే, నెదర్లాండ్స్ అధికారులు కేబుళ్లలో కాడ్మియం ఎక్కువైందని సుమారు 13 లక్షల సోనీ ఆట యంత్రాలను ఆపివేశారు. సోనీ కేబుళ్లు మార్చుకొని నిలదొక్కుకున్నది. మా బావమరిదికి వచ్చిన కష్టం దానితో పోలిస్తే ఆవగింజంత, కాని ఆ ఆవగింజ కింద ఇల్లు తాకట్టు వున్నది.

ఐరోపాలోని ఒక వ్యాపారి ఆరువందల బోర్డులకు ఆర్డరిచ్చాడు. సరుకు వెళ్లిన నెలకు మొత్తం తిరిగి వచ్చింది. కొన్ని అతుకుల్లో సీసం వున్నదట! మావాడు నమ్మలేదు. విచారిస్తే తేలిందేమిటంటే, సరుకు పంపే ముందు రాత్రి, అక్కడ ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న ఒక పెద్దావిడ బోర్డులు సరిచూసింది. సీసం లేని అతుకు మెరవదు, కాస్త మసకగా గరుకుగా వుంటుంది. మెరవని అతుకు పచ్చి అతుకని ఇరవై ఏళ్లుగా ఆవిడ కళ్లు నేర్చుకున్నాయి. బల్ల సొరుగులో మిగిలిన పాత తీగచుట్ట తీసి, మసకగా కనిపించిన వాటినల్లా మెరిసేలా దిద్దింది. ఏవి దిద్దిందో గుర్తు లేదు. కనుక ఆరువందలూ పోయినట్లే.

"ఆవిడను మానిపించావా?" అని అడిగాను.

"సొరుగులో చుట్ట వుంచింది నేను బావగారూ! ఆవిడను మానిపించి ఏం లాభం?" అన్నాడు. బ్యాంకు అప్పు తీరడానికి రెండేళ్లు పట్టింది.

మన నిబంధనలు 2011లో చిన్న, సూక్ష్మ పరిశ్రమలను వదిలిపెట్టాయి. 2016 నుంచి సూక్ష్మ పరిశ్రమలకు మాత్రమే ఆ మినహాయింపు మిగిలింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధనల్లోనూ అంతే. దీనివల్ల చిన్నవాడు ఊపిరి పీల్చుకుంటాడని మీరనుకోవచ్చు. కాని అతని బోర్డు కొనేది పెద్ద కంపెనీ. ఆ కంపెనీకి మినహాయింపు లేదు గనుక అది పత్రాలన్నీ అడుగుతుంది. చట్టం వదిలినా బేరగాడు వదలడు.

అలాగని ఈ శాసనం తీసివేయాలని నేననను, మా బావమరిదీ అనడు. అతని ఇద్దరు కూతుళ్లూ సెలవుల్లో ఆ బల్లల మధ్యనే ఆడుకుంటారు. కావలసింది మినహాయింపు కాదు, సాయం. చిన్న పరిశ్రమలు కలిసి ఉమ్మడి సదుపాయ కేంద్రాలు కట్టుకోవడానికి కేంద్ర ప్రభుత్వపు సమూహాభివృద్ధి పథకం వుండనే వున్నది. పరీక్షలు చేసే శాల ఒకటి పేటకొకటి చొప్పున వుండి, పత్రాలు రాసిపెట్టే మనిషి ఒకడు పదిమందికి కలిపి వుంటే, ఆరువందల బోర్డులవాడు కూడా బతుకుతాడు. అన్నిటికంటె ముందు, పనిచేసే చేతులకు కొత్త పని ఓపికగా నేర్పాలి.

కిందటి నెల మళ్లీ అక్కడికి వెళ్లాను. సొరుగులన్నీ ఖాళీ చేసి వున్నాయి. ఆ పెద్దావిడ కొత్తగా చేరిన ఒక అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకొని, భూతద్దం కింద ఒక అతుకు చూపిస్తున్నది.

"ఇట్లా మసకగానే వుండాలమ్మా. మెరిసిందంటే నన్ను పిలువు" అంటున్నది.