తోలు ముడుచుకునే వేడి

వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద మరిపెడ బంగ్లా దగ్గర చాయ్ తాగడానికి లారీలు ఆగుతుంటాయి. పాతికేళ్లుగా స్టీరింగు పట్టిన డ్రైవరు ఎవరైనా కనిపిస్తే ఆయన రెండు చెంపలనూ ఓసారి పోల్చి చూడండి. 2012లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ అనే అమెరికా వైద్య పత్రిక ఒక ఫొటో అచ్చువేసింది. అందులోని 69 ఏళ్ల మనిషి 28 ఏళ్లపాటు సరుకుల బండి తోలాడు. ముఖం కుడి సగం ఆ వయసుకు తగ్గట్టే ఉంది. ఎడమ సగం మందమై, లోతుగా ముడతలు పడి, కంటి కింద జారిపోయి ఉంది. అక్కడ స్టీరింగు ఎడమవైపు కాబట్టి కిటికీలోంచి పడే ఎండంతా ఆ చెంపకే తగిలింది. మన బండ్లకు స్టీరింగు కుడివైపు కాబట్టి మన డ్రైవర్ల విషయంలో కుడి చెంప మీద కన్నేయాలి.

అద్దం ఎత్తుకుంటే సరిపోతుందనుకోవద్దు. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో యూవీ-బీ రకాన్ని గాజు చాలావరకు ఆపుతుంది. చర్మం లోపలి పొర దాకా దిగే యూవీ-ఏ మామూలు గాజులోంచి దూరి వస్తుంది. బిగువును తినేసేది ముఖ్యంగా ఈ రెండోదే.

చర్మానికి పైన కనిపించేది పలుచని పొర. దాని కింద అసలు తోలు ఉంటుంది. ఆ లోపలి పొర ఎండు బరువులో దాదాపు మూడొంతులు కొలాజెన్ అనే ప్రోటీన్. గిల్లి వదిలితే చర్మాన్ని వెనక్కి లాగేది ఎలాస్టిన్ అనే మరో ప్రోటీన్. ఎలాస్టిన్‌లో ఎక్కువ భాగం తల్లి కడుపులోనూ, చిన్నతనంలోనూ తయారవుతుంది. ఆ సరుకుతోనే జీవితమంతా నెట్టుకురావాలి. కొలాజెన్‌ను మాత్రం ఫైబ్రోబ్లాస్ట్ కణాలు జీవితాంతం తయారుచేస్తూనే ఉంటాయి. కాకపోతే చాలా నెమ్మది. చర్మంలో ఉన్న కొలాజెన్‌లో సగం మారడానికే సుమారు 15 ఏళ్లు పడుతుందని ఒక లెక్క. నులక మంచం సాగితే కాళ్లవైపు తాళ్లు లాగి బిగించుకుంటాం. చర్మానికి అలా లాగి కట్టే తాడు లేదు. ఉన్న పోగుల్ని ముడిపించాలి, లేదా కొత్త పోగుల్ని పుట్టించాలి. కత్తి పెట్టకుండా చర్మం బిగిస్తామనే చికిత్సలన్నీ ఈ రెండింటిలో ఏదో ఒకటి చేస్తామనే చెబుతాయి.

ఈ కొలాజెన్‌కు ఎండ చేసే నష్టం చిన్నది కాదు. చర్మం కందకముందే, కొద్దిపాటి అతినీలలోహిత కిరణాలు తగిలిన కొన్ని గంటల్లోనే, కొలాజెన్‌ను కత్తిరించే ఎంజైములు చర్మంలో పెరుగుతాయని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1990లలో చూపించారు. మరిపెడ చుట్టుపక్కల తండాల్లో, ఊళ్లలో మిర్చి ఏరే రోజుల్లో కూలికి పోయే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కుంటారు, తలకు తువ్వాల చుట్టుకుంటారు. ఘాటు అంటకుండా, కొమ్మలు గీరకుండా అని వాళ్ల లెక్క. చర్మశాస్త్రం లెక్కలో ఆ చొక్కాకు దక్కాల్సిన గౌరవం ఇంకా దక్కలేదని నాకనిపిస్తుంది. అరవై దాటిన అమ్మను ఎవరినైనా బతిమాలుకుని, ముంజేతి పైభాగపు చర్మాన్నీ చంక దగ్గర లోపలి చర్మాన్నీ పక్కపక్కన చూడండి. రెండూ తిన్నది ఒకటే తిండి, రెండింటిదీ ఒకటే వయసు. లోపలిది పలచబడి సన్నటి గీతలు పడి ఉంటుంది, అంతే. పైది నల్లబడి, గరుకెక్కి ఉంటుంది, గిల్లి వదిలినా మడత అలాగే కాసేపు నిలుస్తుంది. (ఒంట్లో నీరు తగ్గినప్పుడూ మడత నిలుస్తుంది. పరీక్ష పెట్టేముందు ఆమెకు చెంబెడు నీళ్లివ్వండి.)

ఆస్ట్రేలియాలోని నంబూర్ అనే ఊళ్లో 900 మందికి పైగా పెద్దవాళ్లను నాలుగున్నరేళ్లు గమనించారు. ఒక వర్గానికి రోజూ సన్‌స్క్రీన్ రాసుకొమ్మన్నారు, మరో వర్గాన్ని వాళ్ల ఇష్టానికి వదిలేశారు. రోజూ రాసుకున్నవాళ్ల చర్మంలో ముసలితనపు గుర్తులు 24 శాతం తక్కువని 2013లో ఫలితాలు అచ్చయ్యాయి. వాళ్లు తెల్ల ఛాయవాళ్లు. మనకు మెలనిన్ కొంత రక్షణ ఇస్తుంది, ముడతలు ఆలస్యంగా వస్తాయి. కానీ పగలంతా చేనులో ఉండేవాళ్లకు ఆ రక్షణ చాలదు.

ఇక యంత్రాల సంగతి. హైదరాబాద్, హనుమకొండ క్లినిక్కుల బోర్డుల మీద కనిపించే ‘స్కిన్ టైటెనింగ్’ వెనకున్న సూత్రం తోళ్ల పరిశ్రమకు ఎప్పటి నుంచో తెలిసిందే. పచ్చి తోలు ముక్కను నీళ్లలో వేలాడదీసి మెల్లగా వేడి చేస్తూ పోతే, 60–65 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది ఉన్నట్టుండి ముడుచుకుపోతుంది. తంగేడు చెక్కతో పదును చేసిన తోలు ఇంకాస్త ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. క్రోమియం లవణాలతో బాగా పదును చేసింది మరిగే నీళ్లకూ నిలుస్తుంది. తోలు ఎంత బాగా పదునెక్కిందో తేల్చడానికి ఈ ముడుచుకునే వేడిని కొలవడం ఇప్పటికీ ఒక పరీక్ష. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు తెలంగాణ రాష్ట్ర పుష్పం. దాని బెరడుకు తోలుతో ఇంత పాత సంబంధం ఉందని పువ్వు కోసేవాళ్లలో ఎందరికి గుర్తుందో!

తోలు ఎందుకు ముడుచుకుంటుందో అర్థం కావాలంటే కొలాజెన్ ఆకారం తెలియాలి. దాన్ని తేల్చింది మద్రాసులోనే. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కంగారూ తోకలోని స్నాయువు మీద ఎక్స్‌రేలు ప్రసరింపజేసి, కొలాజెన్ అంటే మూడు గొలుసులు కలిసి మెలితిరిగిన నిర్మాణమని ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. ఆ కంగారూ తోక పక్కనే ఉన్న కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ నుంచి వచ్చింది. 1958లో అదే సంస్థకు డైరెక్టరైన యలవర్తి నాయుడమ్మ తెనాలి దగ్గర యలవర్రు రైతు కుటుంబంలో పుట్టినవాడు. తోలు పని అంటే ముక్కు మూసుకునే సమాజంలో దాన్ని ప్రయోగశాల విద్యగా నిలబెట్టినవాడు. 1985లో కనిష్క విమానం పేల్చివేతలో ఆయన ప్రాణం పోయింది.

ఆ మూడు గొలుసులనూ కలిపి ఉంచేవి హైడ్రోజన్ బంధాలు. వేడికి అవి తెగుతాయి. మెలి విడిపోతుంది, పోగు పొట్టిదై లావెక్కుతుంది. చర్మం బిగించే యంత్రం చేసే మొదటి పని ఇదే. రెండో పని అసలైనది. ఆ వేడిని శరీరం గాయంగా లెక్కగట్టి, మూడు నుంచి ఆరు నెలల్లో కొత్త కొలాజెన్‌ను అక్కడే తయారుచేస్తుంది. అందుకే చికిత్స అయిన మర్నాడు అద్దంలో చూసుకుని మురిసిపోయేదేమైనా ఉంటే అది చాలావరకు వాపు. అసలు ఫలితం కోసం నెలలు ఆగాలి.

పై చర్మం కాలకుండా లోపలి పొరను మాత్రం అంత వేడి చేయడమే ఇందులో కష్టమంతా. రేడియో తరంగాల యంత్రాలు పైభాగాన్ని చల్లబరుస్తూ లోపల వేడి పుట్టిస్తాయి. కళ్ల చుట్టూ ముడతలకు ఇలాంటి యంత్రానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లో అనుమతిచ్చింది. 2009లో కనుబొమలు కాస్త పైకెత్తడానికి అల్ట్రాసౌండ్ యంత్రానికి అనుమతి వచ్చింది. గర్భిణులకు స్కానింగ్‌లో వాడేదీ ఇలాంటి ధ్వనే. ఇక్కడ దాన్ని ఒక బిందువు మీద కేంద్రీకరిస్తారు. నాలుగున్నర మిల్లీమీటర్ల లోతు వరకు చిన్నచిన్న చుక్కలుగా 60–70 డిగ్రీల వేడి పుడుతుంది. లేజర్ల దారి వేరు. 2004లో హార్వర్డ్ పరిశోధకులు చర్మమంతా కాల్చకుండా సూదిమొనంత గాయాలు చేసి, మధ్యలో మంచి చర్మాన్ని వదిలే పద్ధతిని వివరించారు. ఇవాళ ‘ఫ్రాక్షనల్’ అనే మాట తగిలించుకున్న లేజర్లన్నింటికీ అదే మూలం.

మన ఛాయకు ఇక్కడే ఒక మెలిక ఉంది. చాలా లేజర్ల కాంతిని మెలనిన్ పీల్చుకుంటుంది. ఏ రకం లేజరైనా గాయం మిగిల్చిన చోట నల్లమచ్చ పడటం చామనఛాయ, నల్లఛాయ చర్మాలకు మామూలు. మచ్చ పోవడానికి నెలలు పడుతుంది. రేడియో తరంగాలకు, అల్ట్రాసౌండ్‌కు మెలనిన్‌తో పని లేదు కాబట్టి అవి మనకు కొంత నయం. ‘కొంత’ అని ఊరికే అనలేదు. సూదులు గుచ్చి వాటి మొనల నుంచి రేడియో తరంగాలు పంపే యంత్రాల వల్ల కాలిన గాయాలు, మచ్చలు, చర్మం కింది కొవ్వు కరిగి గుంటలు పడటం, నరాలు దెబ్బతినడం వంటి ఫిర్యాదులు వచ్చాయని 2025 అక్టోబరులో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. యంత్రం ఎంత మంచిదైనా దాన్ని పట్టుకున్న చేయి చర్మవైద్యంలో ఎండీయో డిప్లొమానో చేసిన డాక్టరుదై ఉండాలి. ఫేషియల్ చేసే పార్లర్‌లో ఈ పని చేయించుకోవడం పిచ్చి ధైర్యం.

ఇంతా చేసి వచ్చేదెంత? నలభైల్లో ఉండి, దవడ గీత కాస్త చెదిరిన మనిషికి అది కొంత తేరుకుంటుంది. ఏడాది రెండేళ్లకు మళ్లీ మొదటికి వస్తుంది, ఎందుకంటే వయసు ఆగదు. ముప్పై నలభై కిలోలు తగ్గి పొట్ట మీది చర్మం వేలాడుతున్నవాళ్లకు ఏ యంత్రమూ పనికిరాదు. అక్కడ మిగులు చర్మాన్ని కోసి తీయాల్సిందే. కాన్పయ్యాక పొట్ట సంగతి వేరు. బాలింతకు నడుంకట్టు కట్టడం మన ఇళ్లలో ఉన్నదే. అది సాగిన కండరాలకు ఆసరా ఇస్తుంది, లేచి కూర్చోవడం తేలికవుతుంది. చర్మాన్ని మాత్రం అది బిగించదు. చాలామందికి చర్మం నెలల మీద తనంతట తానే కొంత సర్దుకుంటుంది. బరువైన కమ్మలతో సాగిన చెవితమ్మెల కథా ఇంతే. రంధ్రం పూర్తిగా తెగకపోతే గాఢమైన ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్‌ను అంచులకు అద్ది, పుండు చేసి అతికించే పద్ధతి చర్మవైద్యుల దగ్గర ఉంది. తెగిపోతే కుట్లు తప్పవు.

కొలాజెన్ పొడుల గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. తిన్న కొలాజెన్ కడుపులో ముక్కలవుతుంది. ఆ ముక్కలు బుగ్గకే చేరాలన్న నియమమేమీ లేదు. 2025లో 23 పరీక్షలను కలిపి చూసిన సమీక్షలో, కంపెనీల డబ్బు లేని అధ్యయనాల్లో ప్రయోజనం కనిపించలేదు. ముఖ వ్యాయామాలు చెంపల కండను కొంచెం పెంచవచ్చు, ఖర్చూ లేదు. అయితే ఒక కనురెప్పే అకస్మాత్తుగా వాలినా, నోరు ఒక పక్కకు జారినా అది చర్మం సంగతి కాదు, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

చర్మం వదులవడానికి ఆడవాళ్లలో ఇంకో కారణం ఉంది. ముట్లుడిగాక మొదటి ఐదేళ్లలో చర్మంలోని కొలాజెన్ దాదాపు 30 శాతం తగ్గుతుంది. ఈస్ట్రోజెన్ పడిపోవడమే దానికి మూలం. గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలోనే ముందున్నాయని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ముప్పై అయిదేళ్లకే ఆపరేషన్ చేసి, దాంతోపాటు అండాశయాలనూ తీసేస్తే, యాభై ఏళ్లకు రావాల్సిన మార్పు ఆ ఏడే మొదలవుతుంది. ఎముకలు, గుండె ముందు వరసలో నష్టపోతాయి. ముఖంలో కనిపించే వదులు దాని పైపై గుర్తు. చర్మం కోసమే హార్మోన్ మాత్రలు వాడాలని మాత్రం ఏ డాక్టరూ చెప్పడు.

పూత మందుల్లో సాక్ష్యం గట్టిగా ఉన్నది ట్రెటినాయిన్. విటమిన్-ఎ కుటుంబానికి చెందిన ఈ మందు మొదట మొటిమలకు వాడేది. ఎండకు పాడైన చర్మాన్ని ఇది కొంత బాగుచేస్తుందని 1986లో అల్బర్ట్ క్లిగ్మన్ బృందం చూపించింది. (ఆయన అంతకుముందు ఫిలడెల్ఫియా జైలు ఖైదీల మీద ఏళ్లతరబడి చేసిన చర్మ ప్రయోగాలు వైద్య చరిత్రలో మాయని మచ్చ.) రాత్రిపూట శనగగింజంత రాసుకోవాలి. మొదట్లో మంట, పొట్టు లేవడం ఉంటాయి. ఫలితం నెలలకు గానీ తెలియదు. గర్భిణులు వాడకూడదు.

యంత్రాల మోజు నగరంలో ఎంత ఉన్నా, మరిపెడ లాంటి చోట చర్మాన్ని ఎక్కువగా పాడుచేస్తున్న మందు వేరే ఉంది.

“అన్నా, మొన్నటి ట్యూబ్ ఇంకోటియ్యవా?”

“మొఖానికేనా చెల్లె?”

“ఆ, మంచిగ తెల్లగైతున్న.”

మెడికల్ షాపు ముందు ఈ మాట మన ఊళ్లలో కొత్త కాదు. ఆ ట్యూబులో చాలాసార్లు ఉండేది బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్. గజ్జి, తామర, మొటిమ, మంగు, దేనికైనా అదే. వారంలో ముఖం తేటపడుతుంది. కానీ లోపల ఫైబ్రోబ్లాస్ట్‌లు కొలాజెన్ చేయడం తగ్గించేస్తాయి. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, కింది ఎర్రటి సన్న రక్తనాళాలు బయటపడతాయి, ముఖాన వెంట్రుకలు వస్తాయి, ఎండలోకి వెళితే మండుతుంది. పాతికేళ్ల పిల్ల చర్మం సిగరెట్ పొట్లం మీది కాగితంలా ముడుచుకుంటుంది. ఇలాంటి పూత మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. షాపుల్లో మాత్రం అడిగినవాళ్లకు దొరుకుతూనే ఉన్నాయి.

ఇది చదివి ఎవరైనా ట్యూబును ఇవాళే విసిరికొడితే ఇంకో చిక్కు. ఒక్కసారిగా ఆపితే ముఖమంతా ఎర్రబడి, పొక్కి, మండుతుంది. ఆ మంటకు భయపడి మళ్లీ అదే రాసుకోవడం మొదలవుతుంది. డాక్టరు బలం తక్కువ మందుకు మార్చి, రోజు విడిచి రోజు చేసి, మెల్లగా ఆపిస్తాడు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. వెళ్లేటప్పుడు పాత ట్యూబు ఖాళీదైనా సరే వెంట తీసుకెళ్లండి. డాక్టరు మొదట అడిగేది దాని మీద ఉన్న మందు పేరే.