కబురుకు కాపలా ఎవరు?

తూర్పు ఆఫ్రికాలో ఇద్దరు ఎదురుపడితే ‘హబారి?’ అని పలకరించుకుంటారు. ఏమిటి కబురు అని అర్థం. స్వాహిలీ వారి హబారి, ఉర్దూలోని ఖబర్, మన తెలుగు కబురు - మూడూ అరబ్బీ మాట ‘ఖబర్’ నుంచి వచ్చినవే. మాట ఒకటే గానీ, ఆ కబురును జనానికి చేర్చడం అక్కడ అంత సులువు కాదు.

2018 జనవరి 30. కెన్యా రాజధాని నైరోబీలోని ఉహురు పార్కులో ప్రతిపక్ష నేత రైలా ఒడింగా తనను తాను ‘ప్రజాధ్యక్షుడి’గా ప్రకటించుకుని ప్రమాణం చేశారు. దాన్ని ప్రత్యక్షంగా చూపవద్దని ప్రభుత్వం ముందే హెచ్చరించింది. మాట వినని సిటిజన్, ఎన్‌టివి, కెటిఎన్, ఇనూరో ఛానళ్ల ప్రసారాలు ఆ రోజే ఆగిపోయాయి. అరెస్టు చేస్తారన్న భయంతో ఎన్‌టివి పాత్రికేయులు కొందరు రాత్రంతా ఆఫీసులోనే గడిపారు. ఫిబ్రవరి 1న హైకోర్టు ఆ నిషేధాన్ని నిలిపివేసింది. అయినా తెరలు వెంటనే వెలగలేదు. అందుకు మరికొన్ని రోజులు పట్టింది.

ఇవన్నీ ప్రైవేటు ఛానళ్లే కదా, ప్రభుత్వం చేతికి ఎలా చిక్కాయి? లైసెన్సు ఇచ్చేది ప్రభుత్వ సంస్థ. పెద్ద ప్రకటనదారుల్లో ప్రభుత్వం ఒకటి. పైగా యజమానుల్లో రాజకీయ కుటుంబాలూ ఉన్నాయి. 1990లో మొదలైన కెటిఎన్‌లో మాజీ అధ్యక్షుడు మోయి కుటుంబానికి వాటా ఉండేది. మూతపడిన వాటిలో అదీ ఉంది. అప్పటి అధ్యక్షుడు ఉహురు కెన్యాట్టా కుటుంబానికి వాటా ఉన్న కె24 మాత్రం ఆ జాబితాలో లేదు.

ఎన్‌టివి కథ వేరు. దాన్ని నడిపే నేషన్ సంస్థను 1959లో స్థాపించింది ఇస్మాయిలీల ఇమామ్ నాలుగవ ఆగాఖాన్. ఆయన 2025లో కన్నుమూశారు. ఆగాఖాన్ సంస్థలు ఆ ప్రాంతంలో ఆస్పత్రులు, హోటళ్లు, విద్యాలయాలు కూడా నడుపుతున్నాయి. ఇన్ని పనులున్న యజమానికి ప్రభుత్వంతో పేచీ పెట్టుకోవడం కష్టమే. 2016 జనవరిలో నేషన్ పత్రిక సంపాదకీయం అధ్యక్షుడిని నిలదీసింది. కొద్ది రోజుల్లోనే అది రాసిన సంపాదకుడి ఉద్యోగం పోయింది. పద్ధతి పాటించలేదన్నది యాజమాన్యం వాదన. 2018 మార్చిలో ఎనిమిది మంది కాలమ్ రచయితలు సంపాదక స్వేచ్ఛ కరువైందంటూ ఆ పత్రికకు రాయడం మానేశారు.

పొరుగునున్న టాంజానియాలో 2017 మార్చిలో దారెస్సలాం ప్రాంతీయ కమిషనర్ సాయుధులను వెంటబెట్టుకుని రాత్రిపూట క్లౌడ్స్ స్టూడియోలో ప్రవేశించారు. తాము కోరిన వీడియోను ప్రసారం చేయాలని ఒత్తిడి తెచ్చారు. క్లౌడ్స్ సిబ్బంది దాన్ని దాచలేదు. సమాచార మంత్రి నాపె న్నావుయె విచారణ జరిపించారు. నివేదిక చేతికి అందిన వెంటనే ఊడింది ఆ మంత్రి పదవే!

2025 జూన్ 25న కెన్యాలో నిరసనల ప్రత్యక్ష ప్రసారాన్ని ఆపమని నియంత్రణ సంస్థ ఆదేశించింది. ఎన్‌టివి, కెటిఎన్ సిగ్నళ్లు కోసేశారు. ఆ రోజే హైకోర్టు అడ్డుపడింది.

అంటే కబురుకు రెండు తాళాలున్నాయి. ట్రాన్స్‌మిటర్‌కు వేసే తాళం అందరికీ కనిపిస్తుంది, కోర్టు దాన్ని తీయించగలదు. యజమాని ఫోనులో చెప్పే మాట రెండో తాళం. కాగితంపై ఆదేశం ఉండదు గనుక దానిపై ఏ కోర్టుకూ వెళ్లలేరు. సంపాదకుడి ఉద్యోగానికి చట్టం అండగా నిలిచి, ప్రకటనల పంపకం పాలకుల చేతి నుంచి తప్పితేనే ఆ తాళం వదులవుతుంది.

‘హబారి?’ అని అడిగితే ‘బాగానే ఉంది’ అనడం అక్కడి మర్యాద. ఇద్దరి పలకరింపులో అది అందమే. వార్తలు చెప్పేవారు కూడా రోజూ అదే జవాబు చెబితే మాత్రం, ఊళ్లో ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు.